తుమ్ముల కేసులో ముద్దాయి ఉన్ని

“ఈ భూమ్మీద ఏ మూల నేరం జరిగినా దాని వాసన ముందుగా తగిలేది నా ముక్కుకే. పోలీసులకి ఆ తర్వాతే,” అని ప్రకటించి మా అన్నయ్య గుమ్మం లోపల కుడికాలు పెట్టాడు. ఆ కాలు సరిగ్గా కుక్క నీళ్ళ గిన్నెలో పడింది.

కిందికి చూసి, “తడి,” అన్నాడు గంభీరంగా. “అంటే కాసేపటి కిందటే ఇక్కడ ఎవరో నీళ్ళు వాడారు.”

“నేనే పోశాను అన్నయ్యా. అది ఉన్ని తాగే గిన్నె.”

“అన్నీ నువ్వే చెప్పేస్తే ఇక నేనెందుకు చెల్లెమ్మా,” అంటూ మేజోడు విప్పి పిండుకున్నాడు.

అన్నయ్య బస్సు డిపోలో పోయిన వస్తువుల కౌంటరులో పని చేస్తాడు. జనం బస్సుల్లో మరిచిపోయిన గొడుగులూ, ఒంటి చెప్పులూ, కళ్ళజోళ్ళూ అక్కడికి చేరతాయి. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే అరలోంచి తీసి ఇవ్వాలి. ఒకసారి ఎవరిదో కట్టుడు పళ్ళ సెట్టు వచ్చింది. దాని కోసం వచ్చిన పెద్దమనిషి నోట్లో పళ్ళు లేకపోవడం గమనించి, అడగక ముందే ఆయన చేతిలో పెట్టేశాడట. ఆనాటి నుంచి తను పుట్టింది అపరాధ పరిశోధనకే అని అన్నయ్యకి గట్టి నమ్మకం. మిగతా ప్రపంచానికి ఆ సంగతి ఇంకా అందలేదు.

నేను అతన్ని పిలవలేదు. ఫోన్లో కాస్త ఏడ్చాను, అంతే. ఎందుకేడ్చానో చెప్పాలంటే ముందు పాప సంగతి చెప్పాలి.

మా పాపకి ఆరేళ్ళు. దుమ్ము పడదు, బూజు పడదు. కుక్క ఉన్న ఇంటికి వెళ్తే కళ్ళు ఉబ్బి, ముక్కు కారి, ఆ రాత్రంతా ఛాతీలో ఈల వేస్తుంది. ఆ ఈల వినపడితే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. అలాంటి పిల్ల మాటలొచ్చిన దగ్గర్నుంచి నన్ను అడిగింది ఒక్కటే. కుక్క. బొమ్మ కాదు, గౌను కాదు, కుక్కే.

చివరికి డాక్టరుగారినే అడిగాను. “అసలు సంగతి వెంట్రుకల్లో లేదమ్మా,” అన్నారాయన. “కుక్క ఉమ్మిలో, ఒంటిమీంచి రాలే సన్నటి పొట్టులో ఉంటుంది. ఉంగరాల జుట్టు కుక్కలకి జుట్టు తక్కువ రాలుతుంది కాబట్టి పొట్టు అంతగా ఎగరదు. అలాగని అస్సలు ఇబ్బంది పెట్టని కుక్కంటూ ఏదీ లేదు. జాతి పేరు చూసి కొనేయకు. ఈ పిల్లని ఆ కుక్క పక్కన కూర్చోబెట్టి చూడు.”

కూర్చోబెట్టాను. మా వీధి చివర కుక్కలకి స్నానాలు చేయించి, జుట్టు కత్తిరించే ఆవిడ కొట్టు ఉంది. ఇల్లు లేని కుక్కలకి ఇళ్ళు చూసిపెట్టేదీ ఆవిడే. మొదటి ఉంగరాల కుక్క దగ్గర పాప తుమ్మింది. రెండో దాని దగ్గర కళ్ళు ఎర్రబడ్డాయి. మూడోది ఊరు వదిలి వెళ్ళినవాళ్ళు అక్కడ విడిచిపోయిన ఆడకుక్క, చూడ్డానికి విప్పిన ఊలు ఉండలా ఉంది. దాని మెడలో మొహం దూర్చి పాప లెక్కలేనన్ని కబుర్లు చెప్పింది. తుమ్మలేదు. మర్నాడూ తుమ్మలేదు. మరో నాలుగుసార్లు తీసుకెళ్ళినా తుమ్మలేదు. అదే మా ఉన్ని.

ఇచ్చేటప్పుడు ఆవిడ ఖరాకండిగా చెప్పింది. “ఈ నెలాఖరు ఆదివారం బుట్ట పట్టుకుని వస్తాను. పిల్ల బాగుంటే ఖాళీ బుట్టతో వెళ్ళిపోతాను. బాగోలేకపోతే కుక్కని తీసుకుపోతాను. ఎవరూ ఏడవకూడదు. మీరేడిస్తే నాకూ ఏడుపొస్తుంది.”

నేను పాపతో ఒప్పందం చేసుకున్నాను. “తుమ్ము తెప్పించేదేదైనా సరే, తిరిగి ఇచ్చేయాల్సిందే. సరేనా?” పాప చాలా పెద్దమనిషిలా తలూపింది.

ఆ తర్వాత డాక్టరుగారు చెప్పింది ఒకటైతే నేను చేసింది మూడు. ఉన్ని పడగ్గది గడప తొక్కకూడదు. వారం వారం స్నానం, చివరి తడి కూడా ఆరేదాకా తుడవడం. దువ్వడం బయట, అదీ మా ఆయన చేతే. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవడం. నేలకి చీపురు కాదు, తడిగుడ్డ. అది పడుకునే గుడ్డ వేడినీళ్ళలో. మొదట్లో అంతా బాగానే ఉంది. నేనూ కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

మా ఆయనది సోఫాలూ కుర్చీలూ కుట్టే పని. ముందు గదే ఆయన కార్ఖానా. పాప తుమ్మడం లేదన్న సంతోషంలో ఉన్నికి ఒక పరుపు కుట్టి పెట్టారు. రాణీగారి పరుపు దాని ముందు ఎందుకూ పనికిరాదు. అంచుకి గొలుసు కుట్టు, నాలుగు మూలలా గుండీలు. తొడుగు ఊడదీసి ఉతుక్కునేలా జిప్పు కూడా.

ఆ తర్వాతే మొదలయ్యాయి. పొద్దున్నే తుమ్ములు, ఆ వెనకే ఈల. మధ్యాహ్నానికి తగ్గేది, తెల్లవారితే మళ్ళీ. నేను స్నానాలు పెంచాను, దువ్వడం పెంచాను, తొడుగు రోజూ ఉడకబెట్టాను. తగ్గలేదు. ఒకరోజు వంటగదిలోంచి చూస్తే పాప గోడవైపు తిరిగి, రెండు వేళ్ళతో ముక్కు నులుముకుని, తుమ్ముని మింగేస్తోంది. మొహం కందిపోయింది.

“ఏంటమ్మా అది?”

“ఏం లేదు. తుమ్మలేదు. నువ్వు లెక్క వేసుకోకు.”

ఆ మధ్యాహ్నమే నేను ఫోన్లో ఏడ్చింది. ఆదివారం ఇంకెంతో దూరం లేదు.

“ముద్దాయిని ప్రవేశపెట్టండి,” అన్నాడు అన్నయ్య మేజోడు ఆరేసుకుని.

ఉన్ని వచ్చి అతని చెయ్యి నాకింది.

“లంచం,” అన్నాడు చెయ్యి తుడుచుకుంటూ.

మా అత్తయ్యగారు కిటికీ పక్క కుర్చీలోంచి కదలకుండానే, “అబ్బాయ్, అది పొద్దుటి నుంచి అందరినీ నాకుతోంది. ఇంతమందికి లంచం ఇచ్చుకునే స్థోమత దానికి లేదు,” అన్నారు. ఇంట్లోకి కుక్కేమిటని మొదట్లో రెండు రోజులు అలిగింది ఆవిడే. ఇప్పుడు మేం చూడటం లేదనుకుంటే దాంతో మాట్లాడతారు.

అన్నయ్య తర్వాత మా ఆయన మీద పడ్డాడు. సోఫా పనివాళ్ళ సంగతి తెలిసిందే, గుప్పెడు మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదాల మీదికి తెచ్చుకుని కొడుతుంటారు. అసలే మితభాషి. మేకులు నోట్లో ఉన్నాయంటే ఇక ఊఁ అనడమే.

“బావా, సూటిగా అడుగుతున్నాను. ఈ కుక్క వచ్చాక ఇంట్లోకి కొత్త వస్తువేదైనా వచ్చిందా?”

“ఊఁ.” సుత్తితో పరుపు వైపు చూపించారు.

“అంటే సుత్తి. అది పాతదే, నేనెరుగుదును. ఈ పరుపు ఎవరు కుట్టారు?”

“ఊఁ.”

“లోపల ఏముంది?”

“ఊఁ ఊఁ ఊఁ ఊఁ.” సుత్తి గాల్లో ఎగిరింది, గుర్రం పరుగెత్తినట్టు.

“సాక్షి నోరు విప్పడం లేదు,” అని అన్నయ్య నా వైపు తిరిగాడు. “ఎవరో గట్టిగా బెదిరించారు.”

“నోట్లో మేకులున్నాయి అన్నయ్యా.”

“అదే అంటున్నాను. మనిషి నోట్లో మేకులు పోసి మరీ బెదిరించారంటే ముఠా ఎంత క్రూరమైనదో ఆలోచించు.”

అలా మా పిల్ల తుమ్ములోంచి ఒక ముఠా పుట్టుకొచ్చింది. అన్నయ్య గదిలో అటూ ఇటూ పచార్లు చేసి, వెలుతురుకి వీపు పెట్టి నిలబడి, గొంతు తగ్గించాడు. “చెల్లెమ్మా, గుండె దిటవు చేసుకో. ఇది ఉంగరాల కుక్క కాదు. మామూలు సాదా జుట్టు కుక్క. దీనికి పార్లరులో ఉంగరాలు తిప్పించి మీకు అంటగట్టారు. దీని వెనక దేశదేశాల్లో పాకిన రాకెట్టు ఉంది.”

నేను నమ్మేశాను. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయిన నన్ను ఎవరైనా మోసం చేయగలరనే భయం నాకెప్పుడూ ఉంటుంది. “నిజమా అన్నయ్యా? ఎలా తెలుస్తుంది?”

“చిన్న శాస్త్రీయ పరీక్ష. నీళ్ళు పోస్తే దొంగ ఉంగరాలు సాగిపోతాయి.”

పోశాం. ఉన్ని ఉంగరాలు ఇంకాస్త గట్టిగా చుట్టుకున్నాయి. ఒక్క విదిలింపుతో సగం నీళ్ళు అన్నయ్య చొక్కాకే తిరిగొచ్చాయి.

“చూశావా,” అన్నాడు మొహం తుడుచుకుంటూ. “నీళ్ళకి కూడా లొంగని రసాయనం. నేననుకున్నదానికన్నా పెద్ద తలకాయలున్నాయి ఇందులో.”

“సాగిపోయుంటే ఏమనేవాడివి నాయనా?” అన్నారు అత్తయ్యగారు.

“దొరికిపోయిందనేవాణ్ణి.”

“మరి సాగకపోతే?”

“తప్పించుకుంటోందంటాను.”

అత్తయ్యగారు ఉన్ని వైపు చూసి, “నీకు ఉరిశిక్ష ఖాయమే తల్లీ,” అన్నారు.

మర్నాడు మారువేషంలో ముఠా స్థావరానికి వెళ్దామన్నాడు. స్థావరమంటే ఆ కుక్కలావిడ కొట్టే. మారువేషమంటే నల్ల కళ్ళద్దాలు, ఎవరో బస్సులో మరిచిపోయిన ఆడవాళ్ళ గొడుగు. వద్దన్నా వినడు, ఒంటరిగా పంపితే ఏం వాగుతాడోనని ఉన్నిని పట్టుకుని నేనూ వెళ్ళాను. ఆవిడ బల్ల మీద ఒక తెల్ల కుక్కని నిలబెట్టి చెవుల దగ్గర కత్తిరిస్తోంది. నన్నూ ఉన్నినీ చూసి నవ్వింది. అన్నయ్య గొడుగు చాటు నుంచి గొంతు మార్చి అడిగాడు.

“ఏవమ్మా, సాదా జుట్టుకి ఉంగరాలు తిప్పడానికి ఎంత తీసుకుంటారు?”

ఆవిడ కత్తెర ఆపి, అతని నెత్తి వైపు చూసింది. అన్నయ్య నెత్తి నున్నగా ఉంటుంది. చెవుల మీద మాత్రం పంట మిగిలింది.

“ఎవరికండీ?”

“అది రహస్యం.”

“మీకే అయితే మాత్రం నా వల్ల కాదు. ఉన్నదాన్నే తిప్పగలను, లేనిదాన్ని తేలేను,” అని ఆవిడ నా వైపు తిరిగింది. “మీవాడా అమ్మా?”

“మా అన్నయ్యండీ.”

“పోన్లెండి, ఎవరికుండే ఇబ్బందులు వాళ్ళకుంటాయి. పాప ఎలా ఉంది?”

అబద్ధం చెప్పలేక, నిజం చెప్పడానికి నోరు రాక, పొద్దున్నే కాస్త తుమ్ముతోందన్నాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఉన్ని తల మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచింది. “ఆదివారం వస్తానమ్మా,” అని మాత్రం అంది.

దారంతా అన్నయ్య ఉత్సాహంగా ఉన్నాడు. “గమనించావా? ఉన్నదాన్నే తిప్పగలనని తన నోటితోనే ఒప్పుకుంది. ఇక మిగిలింది రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకోవడమే. ఈ ఉంగరాలు ఎన్నాళ్ళో నిలవవు. కాబట్టి తెల్లవారుతూనే ఎవరో మీ ఇంట్లో దూరి దీనికి కొత్తగా తిప్పి వెళ్తున్నారు. ఆ మందు ఘాటుకే పొద్దున తుమ్ములు. అంతా కుదిరిపోయింది.”

నిజంగానే కుదిరిపోయింది. అదే నా భయం. అన్నయ్య బుర్రకి ఏదైనా కుదిరిపోయిన ప్రతిసారీ మా ఇంట్లో ఏదో ఒకటి విరిగింది.

ఆ తెల్లవారి నేను పొయ్యి వెలిగించేసరికే అన్నయ్య హాజరు. ముందు గదిలో ఎవరిదో పెద్ద పడక్కుర్చీ ఉంది, గుడ్డ విప్పేసిన ఉత్త చట్రం. అన్నయ్య అందులో కూర్చుని, చేతులు కుర్చీ చేతుల మీద పెట్టి, “బావా, నా మీద గుడ్డ కప్పు. ముఠా మనిషికి నేను కుర్చీలా కనపడాలి,” అన్నాడు. మా ఆయన అప్పటికే మేకులు నోట్లో వేసుకుని ఉన్నారు. ఊఁ అని గుడ్డ కప్పారు. కప్పడంతో ఆగితే బాగుండేది. చేతికి కుర్చీ, గుడ్డ దొరికితే ఆయన్ని ఆపలేం. అంచులు మడిచి, లాగి, చుట్టూ మేకులు కొట్టేశారు. పని చాలా నీటుగా వచ్చింది. తర్వాత ఆయన పెరట్లోకి వెళ్ళిపోయారు.

నేను పాల గిన్నె దింపుతుండగా పడగ్గది తలుపు చప్పుడైంది. తొంగి చూశాను. పాప మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి ఉన్ని పరుపు మీద, ఉన్ని పక్కనే, దాని వీపు మీద చెయ్యేసి పడుకుంది. ఉన్ని జరిగి చోటిచ్చింది. ఎన్నాళ్ళ అలవాటో ఏమో, ఇద్దరూ మాటా పలుకూ లేకుండా సర్దుకున్నారు.

“రోజూ ఇలాగే పడుకుంటున్నావా?” అన్నాను వెనక నిలబడి.

పాప ఉలిక్కిపడింది. “అది నా గదిలోకి రాకూడదన్నావు. నేను దాని దగ్గరికి రాకూడదని అనలేదుగా.” అంటూనే లేచి కూర్చుని ముక్కు నులుముకుంది. నేను పాప చెయ్యి లాగేశాను. తుమ్ము వచ్చింది. ఆ వెనక మరోటి. ఆ వెనక, ఛాతీలో సన్నగా, నాకు నిద్రలోనూ వినపడే ఆ ఈల.

నేను పాపని ఎత్తుకున్నాను. దేవుడా, ఆదివారం దాకా కూడా ఆగలేనేమో, ఇవాళే వెళ్ళి ఇచ్చేసి వస్తానేమో అనుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే అత్తయ్యగారు గ్లాసు పట్టుకుని గదిలోకి వచ్చారు. కొత్త గుడ్డ వేసిన కుర్చీ కనపడింది.

“అబ్బో, మావాడి పనితనం,” అని మురిసిపోయి కూర్చున్నారు.

కుర్చీ “అమ్మో” అంది.

అత్తయ్యగారు గ్లాసుతో సహా లేచారు. కుర్చీ కూడా లేవాలని చూసింది కానీ మేకులు వదల్లేదు. రెండు గెంతులు గెంతి, ముందుకి తూలి, ఉన్ని పరుపు మీద బోర్లా పడింది. ఉన్ని ఒక్క ఉదుటున పక్కకి తప్పుకుంది. కుర్చీ కాలు పరుపు నడిమధ్యలో దిగింది. గొలుసు కుట్టు పర్రుమంది. లోపల్నుంచి నల్లటి మెత్త, దాంతోపాటు గది నిండా దుమ్ము లేచింది.

నేను పాప మొహం నా భుజానికి అదుముకుని పెరట్లోకి పరుగెత్తాను. మందు పీల్పించి, వీపు నిమిరి, ఈల సద్దుమణిగేదాకా లోపలేం జరుగుతోందో పట్టించుకోలేదు. పట్టించుకున్నాక వినపడింది. అత్తయ్యగారు తుమ్ముతున్నారు. ఆవిడ తుమ్మగా నేనెప్పుడూ వినలేదు. కుర్చీ తుమ్ముతోంది, తుమ్ము తుమ్ముకీ ఒక్కో జానెడు గెంతుతోంది. అన్నిటికన్నా గట్టిగా, నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి, చెవులు ఎగిరిపడేలా తుమ్ముతున్నది ఉన్ని.

“అమ్మా, ఉన్నికి కుక్క పడదా?” అంది పాప.

అప్పుడు వెలిగింది నాకు. మా ఆయన గుమ్మంలో నిలబడి ఆ మెత్త వైపు చూస్తున్నారు. అరచెయ్యి పట్టి, మేకులన్నీ అందులోకి ఊసి, నోరు తుడుచుకున్నారు.

“గుర్రపు వెంట్రుకలు,” అన్నారు. “పాత సోఫాలోంచి తీశాను. ఇప్పుడు కావాలన్నా దొరకదు అలాంటి సరుకు. పారేయడానికి చేతులు రాలేదు.”

“ఎవరి సోఫా?”

“డాక్టరుగారి గదిలో, జనం కూర్చుంటారే, అది. ఎన్నేళ్ళ దుమ్మో.”

“ఆ మాట ముందే చెప్పొచ్చుగా.”

“బావగారు అడిగారు, చెప్పానుగా,” అన్నారు నొచ్చుకుని. “గుర్రంలా చేసి కూడా చూపించాను.”

నేను రోజూ ఉడకబెట్టింది తొడుగునే. లోపలిది ఎవరం చూడలేదు. డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను. “మా గదిలో కూర్చున్నవాళ్ళందరూ తెగ తుమ్మేవాళ్ళమ్మా,” అన్నారు. “సరైన డాక్టరు దగ్గరికే వచ్చారనుకునేవాణ్ణి.” పరుపు తీసేసి, ఇల్లంతా తడిగుడ్డ పెట్టి, ఉన్నికి స్నానం చేయించి, ఉతికిన పాత దుప్పటి వేయమన్నారు. తర్వాత పాప ఛాతీ చూస్తానన్నారు.

అన్నయ్యని గుడ్డ కోసి బయటికి తీశాం. తల నిండా గుర్రపు వెంట్రుకలు అంటుకుని, చాలా కాలం తర్వాత జుట్టున్న మనిషిలా ఉన్నాడు.

“నేను మొదటి నుంచీ పరుపునే అనుమానించాను,” అన్నాడు తుమ్ముకీ తుమ్ముకీ మధ్య. “అందుకే సరిగ్గా దాని మీదే పడ్డాను.” మెత్తంతా గోనెసంచిలోకి ఎత్తుకుని, కీలక సాక్ష్యమని చెప్పి, తన కౌంటరుకి పట్టుకుపోయాడు.

ఆదివారం వచ్చింది. ఆవిడా వచ్చింది, చేతిలో బుట్టతో. బుట్టని గుమ్మం పక్కన పెట్టి కూర్చుంది. పాప దుప్పటి మీద ఉన్ని మెడలో మొహం దూర్చి పడుకుంది. డాక్టరుగారు ముందురోజే ఛాతీ విని బాగుందన్నారు. అయినా నాకు నా ఊపిరే సరిగ్గా ఆడటం లేదు. పాప చెయ్యి ముక్కు దగ్గరికి వెళ్ళింది. గోక్కుని తీసేసింది.

ఆవిడ చాలాసేపు చూసింది. నవ్వబోయింది. అంతలో గట్టిగా తుమ్ము.

అందరం పాప వైపు చూశాం. పాప రెండు చేతులూ గాల్లోకి ఎత్తేసింది. “నేను కాదు. నిజంగా నేను కాదు.”

ఇంకో తుమ్ము. వచ్చింది వాకిట్లోంచి. అన్నయ్య, భుజాన గోనెసంచి. “కేసు ముగింపు ఉపన్యాసం ఉంది, సాక్ష్యంతో సహా వచ్చాను,” అన్నాడు ముక్కు చీదుతూ. “కానీ చెల్లెమ్మా, విచిత్రం. మా డిపోలో కౌంటరు దగ్గరికి వచ్చినవాళ్ళంతా తుమ్ముతున్నారు. కండక్టర్లు కూడా. ఎవరో నన్ను వెంటాడుతున్నారు.”

ఏనాడూ అన్నయ్యకి ఎదురు చెప్పని నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. “ఆ సంచి ఈ గడప దాటిందంటే నిన్ను మళ్ళీ కుర్చీలో పెట్టి కుట్టిస్తాను. ఆయన ఇంట్లోనే ఉన్నారు. మేకులు కూడా ఉన్నాయి.”

లోపల్నుంచి “ఊఁ” అని వినపడింది.

అన్నయ్య రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ తుమ్మాడు. కుక్కలావిడ కళ్ళొత్తుకుంటూ నవ్వుతోంది. ఖాళీ బుట్ట తీసి చంకకి తగిలించుకుంది.

పాప మాత్రం నవ్వలేదు. ఒప్పందమంటే ఒప్పందమే. ఉన్నిని గట్టిగా పట్టుకుని, వాకిట్లోకి చూస్తూ అడిగింది.

“అమ్మా, తుమ్ము తెప్పించేదేదైనా తిరిగి ఇచ్చేయాలన్నావుగా. మరి మావయ్యని ఎవరికి ఇచ్చేయాలి?”

“కౌంటరులోనే పెట్టించు తల్లీ,” అన్నారు అత్తయ్యగారు. “ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమో చూద్దాం.”